నలభై మూడు అంగల దూరం

మార్కెట్ ఆడ్‌బరీ,
ఏప్రిల్ 3, మంగళవారం

ప్రియమైన గాస్కిన్ గారికి,

'ప్రియమైన' అన్నది ఆచారం కొద్దీ రాశాను. ముప్ఫై నాలుగేళ్ళు ఈ ఊరి బళ్ళో పిల్లలకి ఉత్తరం రాయడం నేర్పినదాన్ని, ఇప్పుడు మీ కోసం పద్ధతి మార్చుకోలేను. ఆ మాటలో అంతకు మించి ఏమీ వెతక్కండి.

మనమెందుకు రాసుకుంటున్నామో మీకూ తెలుసు. కానీ కాగితం నిండాలి కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. సంత కూడలిలో ఉన్న మన ఎర్ర పోస్టుడబ్బాలో ఉత్తరాలు పడటం లేదని, జూలై ఆఖరులోపు వారానికి యాభై అయినా పడకపోతే పీకి పట్టుకుపోతామని తపాలా వాళ్ళు నోటీసు అంటించి వెళ్ళారు. మిసెస్ టాడ్‌హంటర్ ఆ సాయంత్రానికే డబ్బా రక్షణ సంఘం పెట్టేసింది. ఏదో ఒక సంఘం లేకపోతే ఆవిడకి ఊపిరాడదు. మిమ్మల్ని కార్యదర్శిని చేసింది. ఊళ్ళోవాళ్ళంతా జతలు జతలుగా వారం వారం ఉత్తరాలు రాసుకోవాలంది. జతలు తేల్చడానికి చీటీలన్నీ పాస్టరు గారి టోపీలో వేసింది.

అన్ని చీటీలుండగా నా చేతికి మీదే రావాలా! మార్చుకోవచ్చా అని అడగబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఎంత బాగా కుదిరింది మేబ్రీ గారూ! ఎదురెదురు ఇళ్ళే కదా మీవి!" అంది. నేను "చాలా సంతోషం" అన్నాను. మీరూ "చాలా సంతోషం" అన్నారు. మన దేశంలో యుద్ధాలు కూడా ఇలాగే మొదలై ఉంటాయి.

కాబట్టి వాతావరణం గురించి, సంత గురించి, గడియారం గురించి రాసుకుందాం. పదకొండేళ్ళ కిందటి ఉద్యాన ప్రదర్శన ఊసు మాత్రం ఎత్తవద్దు.

ఇవాళ వాన. మునిసిపల్ హాలు మీది గడియారం ఎప్పట్లాగే ఏడు నిమిషాలు వెనక ఉంది.

ఇట్లు, విధిలేక,
మ్యూరియెల్ మేబ్రీ


మార్కెట్ ఆడ్‌బరీ,
ఏప్రిల్ 6, శుక్రవారం

ప్రియమైన మిస్ మేబ్రీ గారికి,

మీ ఉత్తరం ఈ ఉదయం అందింది. మీరు దాన్ని మంగళవారం పదింటికి, అంటే మన గడియారం ప్రకారం పదికి ఏడు నిమిషాల ముందు, డబ్బాలో వెయ్యడం నా కిటికీలోంచి చూశాను. అక్కడినుంచి అది బండెక్కి నలభై మైళ్ళ అవతల పెద్ద ఊరికి వెళ్ళి, ముద్ర కొట్టించుకుని, మళ్ళీ నలభై మైళ్ళు వెనక్కి వచ్చింది. మీ గుమ్మం నుంచి నా గుమ్మానికి నలభై మూడు అంగలు.

పోస్టమ్మ జానిస్ ఇస్తూ, "కేకేస్తే వినపడుతుంది కదండీ గాస్కిన్ గారూ, ఆవిడకి చెప్పేదేదో కిటికీ తీసి చెప్పెయ్యకూడదూ?" అంది. కేక వేసేంత చనువు లేదని చెప్పాను.

ఇనుప సామాన్ల కొట్టు మూసేశాక నాకు పొద్దుపోవడం కష్టంగానే ఉంది. అందుకని కూడలంతా గమనిస్తూ ఉంటాను. నిన్న మాంసం కొట్టు ముందు తొమ్మిదిమంది వరసలో నిలబడి ఉన్నారు. ఏదో మంచి సరుకు వచ్చింది కాబోలని నేనూ వెళ్ళి పదోవాణ్ణయ్యాను. ఇరవై నిమిషాలు గడిచాక అందరికన్నా ముందున్నాయన గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. ఆయన వాన తగ్గుతుందేమోనని చూరు కింద నిలబడ్డాడట, అంతే. కొట్టుకి ఆ పూట సెలవు. అయినా వరస చెదరలేదు. రెండో ఆవిడ ఒక అడుగు ముందుకి జరిగింది. మేమంతా జరిగాం.

ఇవాళ కూడా వానే.

ఇట్లు, మర్యాదతో,
విల్ఫ్రెడ్ గాస్కిన్


ఏప్రిల్ 17, మంగళవారం

ప్రియమైన గాస్కిన్ గారికి,

మీ వరస సంగతి చదివి నవ్వాను. నవ్వలేదని రాద్దామనుకున్నాను గానీ, అబద్ధాలు రాయవద్దని పిల్లలకి చెప్పినదాన్ని.

నవ్వాక కోపం వచ్చింది. ఇంత బాగా రాయగలిగిన మనిషి నా జీవితంలో చదివిన అన్నిటికన్నా చెడ్డ మాటలు మూడు ఎలా రాశాడా అని. ఊసెత్తవద్దన్నదాన్ని నేనే. నేనే ఎత్తుతున్నాను.

ఆ సెప్టెంబరు ప్రదర్శనలో మా అమ్మ ఆగ్నెస్, డాంసన్ అనే పుల్లటి చిన్న పళ్ళతో చేసిన జామ్ పెట్టింది. అప్పటికి అమ్మకి ఎనభై ఎనిమిదేళ్ళు. చిన్నప్పటినుంచీ ప్రతి ఏడూ పెడుతూనే ఉంది, ఒక్కసారీ మొదటి బహుమతి రాలేదు. ఆ ఏడు వస్తుందని ఊరంతా అనుకున్నారు. మీరు ఆ గుడారంలో బల్లల పర్యవేక్షకులు. పదకొండింటికి గుడారం తలుపు తీసేసరికి మా సీసా ముందు ఒక అట్ట నిలబెట్టి ఉంది. 'నిబంధన ప్రకారం లేదు.' మీ దస్తూరీ. ఎర్ర సిరా. సీసా మూత మీద కంపెనీ పేరు ఉండకూడదన్న నిబంధన నాకు తెలియక కాదు. మా సీసాకి పచ్చగా మెరిసిపోతూ ఏదో ఊరగాయ కంపెనీ మూత ఉంది మరి. ఉంటే మాత్రం! పక్కకి పిలిచి ఒక్క మాట చెబితే మూత మార్చి ఉండేదాన్ని కదా. ఆ జనవరిలో అమ్మ పోయింది.

ఆనాటినుంచి మీ కొట్టు గడప తొక్కలేదు. ఒక మేకు కావాలన్నా బస్సెక్కి పదకొండు మైళ్ళు వెళ్ళి తెచ్చుకున్నాను. మీ కొట్టు మూతబడ్డ రోజున నాకేమీ సంతోషం కలగలేదు, అది కూడా చెబుతున్నాను.

చెప్పాల్సింది చెప్పేశాను. ఇక వాతావరణం. మబ్బు.

ఇట్లు,
మ్యూరియెల్ మేబ్రీ


ఏప్రిల్ 24, మంగళవారం

ప్రియమైన మిస్ మేబ్రీ గారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ అమ్మగారంటే నాకు చాలా గౌరవం. ఆవిడ మా కొట్టుకి వచ్చి ఒక్క తలుపు గొళ్ళెం కొని గంటసేపు కబుర్లు చెప్పేవారు.

కార్యదర్శిగా తెలియజేయవలసింది ఏమంటే, డబ్బా పరిస్థితి ఇంకా అటూ ఇటూగానే ఉంది. కాబట్టి రాయడం ఆపవద్దని మనవి.

ఇవాళ సంతలో జున్ను అమ్మే నార్మన్ నీలిచారల జున్ను ముక్క గాల్లోకెత్తి, "అమ్మగార్లూ, వాసన చూసి పారిపోకండి, రుచి చూశాకే పారిపోండి!" అని అరిచాడు. మిసెస్ టాడ్‌హంటర్ రుచి చూసింది. పారిపోలేదు గానీ కూడలి మధ్య, ఒకప్పుడు వెన్న అమ్మిన పాత వెన్నమంటపం స్తంభాన్ని పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. గడియారం బాగు చేయిద్దామని ఆవిడ మళ్ళీ సంతకాలకి తిరిగింది. ఎవరూ పెట్టలేదు. పెద్దూరి బస్సు ఎలాగూ ఏడు నిమిషాలు ఆలస్యంగానే వస్తుంది, రెండూ కలిసి సరిపోతున్నాయి కదా అన్నారు.

ఆ ప్రదర్శన విషయంలో నేనూ మీకు ఒకటి చెప్పాలి. కానీ కాగితం అయిపోయింది.

ఇట్లు, మర్యాదతో,
విల్ఫ్రెడ్ గాస్కిన్


మే 8, మంగళవారం

ప్రియమైన గాస్కిన్ గారికి,

కాగితం అయిపోయిందని రాసిన చోట సగం కాగితం ఖాళీగా ఉంది. బళ్ళో అయితే ఆ ఖాళీ దగ్గర ఎర్ర గీత గీసేదాన్ని. తర్వాతి రెండు ఉత్తరాల్లోనూ ఆ మాట రాలేదు. సరే, మీ ఇష్టం.

పోస్టుడబ్బా నెత్తిన తొడిగిన కొత్త ఊలు టోపీ చూశారా? మా అల్లికల బృందం పని. ఈసారి కుందేళ్ళూ పువ్వులూ వద్దు, మన ఊరినే అల్లుదామన్నాను. వెన్నమంటపం నేనే అల్లాను. ఎనిమిది స్తంభాలకి ఎనిమిది రోజులు పట్టింది. గుర్రాల తొట్టిలో జెరేనియం పువ్వులు, గడియారం (ఏడు నిమిషాలు వెనక్కే పెట్టాను), జున్ను బల్ల, చర్చి గోపురం, మాంసం కొట్టు ముందు వరస, అన్నీ ఉన్నాయి. వరసలో తొమ్మిది బొమ్మలే. పదోదానికి చోటు చాల్లేదు.

గొడవలు అప్పుడే మొదలయ్యాయి. నార్మన్ వచ్చి, "ఏంటమ్మా, నా పొట్ట ఇంతుందా? ఊలు మిగిలిపోయిందా ఏం?" అన్నాడు. పాస్టరు గారు తన బొమ్మ ముక్కు గురించి ఏమీ అనలేదు, కానీ ఆదివారం ప్రసంగమంతా అహంకారం మీద చెప్పారు. మిసెస్ టాడ్‌హంటర్ బొమ్మని వెన్నమంటపం పక్కన పెట్టాం. గాలికి ప్రతి రోజూ కదిలి 'మూడు పిల్లులు' సారా కొట్టు గుమ్మంలోకి వెళ్ళిపోతోంది. ఆవిడే రోజూ వచ్చి దాన్ని బయటికి లాక్కుంటోంది.

మీ బొమ్మ కూడా అల్లాను. మీ కొట్టు ముందు నిలబెట్టాను.

ఇట్లు,
మ్యూరియెల్ మేబ్రీ


మే 11, శుక్రవారం

ప్రియమైన మ్యూరియెల్ గారికి,

పేరు పెట్టి రాశాను. తప్పనిపిస్తే చెప్పండి, వచ్చే వారం వెనక్కి తీసుకుంటాను.

మీ ఉత్తరం రాగానే వెళ్ళి నా బొమ్మ చూశాను. బట్టతల మరీ నున్నగా అల్లారు. చెవుల పక్కన నాకు ఇంకా కాస్త ఉంది. చేతిలో ఏదో చిన్న తెల్ల ముక్క కనిపించింది. రసీదు పుస్తకమేమో అని మురిసిపోయాను. కొట్లోంచి భూతద్దం తెచ్చి చూస్తే అది అట్ట. దాని మీద ఎర్ర దారంతో 'నిబంధన ప్రకారం లేదు.' అంత చిన్న అక్షరాలు ఎలా కుట్టారండీ! నేను భూతద్దంతో వంగి ఉండగా ఎవరో పరవూరివాళ్ళు వచ్చి నా వెనక వరసలో నిలబడ్డారు. నా వంతు అయ్యాక వాళ్ళూ ఒక్కొక్కరూ వంగి చూసి వెళ్ళారు. ఏం చూశారో వాళ్ళకే తెలియాలి.

నాకు తగినదే అల్లారు. ఆ మాట మనసారా అంటున్నాను.

మీ గేటు కిర్రుమనడం మా వంటింటి దాకా వినిపిస్తోంది. ఒక చుక్క నూనె వేస్తే పోతుంది. మూసేసిన కొట్లో ఒక నూనె డబ్బా మిగిలింది. ఊరికే చెబుతున్నాను.

డబ్బాకి ఇంకా ప్రమాదం పూర్తిగా తప్పలేదు. రాస్తూ ఉండండి.

ఇట్లు, మీ ఎదురింటి,
విల్ఫ్రెడ్ గాస్కిన్


జూన్ 5, మంగళవారం

ప్రియమైన విల్ఫ్రెడ్ గారికి,

నేనూ పేరు పెట్టాను. లెక్క సరిపోయింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గేటు కిర్రుమనలేదు. ఒకసారి తెరిచి మూసి చూశాను. మళ్ళీ తెరిచి మూశాను. గేటు కింద రాయి మీద నూనె మరక ఉంది. ఎవరు వేశారో నేను అడగను, మీరు చెప్పకండి.

మంగళవారం వచ్చిందంటే కూడలిలో బల్లలు వెయ్యకముందే కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాను. డబ్బా కోసమే అనుకుంటున్నాను. అమ్మ పోయాక ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేడు. పిల్లి ఉంది గానీ దానికి నా వ్యాకరణం నచ్చదు.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి మీకు రాస్తాను. ఆ ప్రదర్శన రోజున మీ మీద కన్నా ముందు నాకు అమ్మ మీద కోపం వచ్చింది. గుడారం బయటే, అందరి ముందే తిట్టాను. "ఎన్నిసార్లు చెప్పాను అమ్మా, మామూలు తెల్ల మూత పెట్టమని! ఊరగాయ మూత పెడతావా?" అన్నాను. అమ్మ, "తెల్లదే పెట్టానే తల్లీ. నా చేత్తో బిగించాను," అంది. "నీకు గుర్తుండటం లేదమ్మా, ఈ మధ్య ఏదీ గుర్తుండటం లేదు," అన్నాను. పైగా ఇంటికి తెచ్చి చూస్తే జామ్ మధ్యలో చెంచాతో తవ్విన గుంట. అనర్హమైన సీసాని న్యాయనిర్ణేత రుచి చూడడు కదా. "పోటీకి పెట్టేదాన్లో నువ్వే చెంచా పెట్టావా?" అని దానికీ తిట్టాను.

ఆ తర్వాత అమ్మ ఏ మాట చెప్పబోయినా ముందు నా మొహంలోకి చూసి, "నాకు సరిగ్గా గుర్తులేదేమో," అనడం మొదలుపెట్టింది. పోయేదాకా అలాగే అంది. అదే నా గుండెలో ఉండిపోయింది, విల్ఫ్రెడ్ గారూ. మీ అట్ట మీద కోపమంతా నిజానికి దీని మీదిదే అనిపిస్తోంది. రాసేశాక కాస్త తేలికగా ఉంది.

అమ్మ చేసిన ఆఖరి సీసా కాబట్టి అది పారెయ్యలేదు. వంటింటి అలమరలో పై అరలో ఇప్పటికీ ఉంది. తినడానికి పనికిరాదు, ఊరికే ఉంది.

ఇవాళ ఎండ. జున్ను చెమటలు పోస్తోంది.

ఇట్లు, మీ ఎదురింటి,
మ్యూరియెల్


జూన్ 19, మంగళవారం

ప్రియమైన విల్ఫ్రెడ్ గారికి,

రెండు వారాలుగా మీ ఉత్తరం లేదు. మీ కిటికీ తెర కూడా వేసే ఉంది. జానిస్‌ని అడిగితే, "ఒంట్లో బాగానే ఉన్నాడమ్మా, నన్ను చూసి తలుపు చాటుకి తప్పుకుంటున్నాడు," అంది. నేను రాసినదాంట్లో ఏమైనా తప్పుందా? మరీ సొంత విషయాలు రాశాననుకుంటే చెప్పండి, వాతావరణానికి తిరిగి వెళతాను.

మ్యూరియెల్


జూన్ 26, మంగళవారం

ప్రియమైన గాస్కిన్ గారికి,

వాన.

ఎం. మేబ్రీ


జూలై 2, సోమవారం

ప్రియమైన మ్యూరియెల్ గారికి,

ఈ ఉత్తరం పదకొండేళ్ళ కిందటే రాయాల్సింది. ఏప్రిల్ నుంచి ప్రతి వారం మొదలుపెట్టి జున్ను గురించి రాసి పంపించాను. మీ జూన్ ఉత్తరం చదివాక జున్ను గురించి రాయడానికి కూడా చెయ్యి రాలేదు.

మీ అమ్మగారు చెప్పింది నిజం. ఆవిడ తెల్ల మూతే పెట్టారు.

న్యాయనిర్ణేత వచ్చేలోపు సీసాల మూతలు వదులు చేసి ఉంచడం పర్యవేక్షకుడి పని. ఆ రోజు ముప్ఫై సీసాలు తిప్పాను. మీ అమ్మగారి మూత తియ్యగానే ఆ వాసన వచ్చింది. మా ఆవిడ పోయి అప్పటికి రెండేళ్ళు. రెండేళ్ళుగా రేకు డబ్బాల్లో అమ్మే తిండి తింటున్నాను. నా మధ్యాహ్నం భోజనం సంచి బల్ల కింద ఉంది, అందులో చెంచా ఉంది. ఆగలేకపోయాను. ఒక్క చెంచా తిన్నాను. పర్యవేక్షకుడు రుచి చూడకూడదని నిబంధనలు రాసినవాణ్ణి నేనే.

చెంచా నోట్లో ఉండగా గుడారం బయట న్యాయనిర్ణేత గొంతు వినిపించింది. ఉలిక్కిపడ్డాను. చేతిలో మూత జారి ఎటో దొర్లిపోయింది. గడ్డిలో చేతులు పెట్టి ఎంత వెతికినా దొరకలేదు. మూత లేని సీసా కనిపిస్తే అడుగుతారు. నా సంచిలో రొట్టెలోకి తెచ్చుకున్న ఊరగాయ సీసా ఉంది. దాని మూత తీసి దీనికి పెడితే సరిగ్గా పట్టింది. పట్టింది కదా అని సంబరపడ్డాను గానీ మూత మీద కంపెనీ పేరు చూసుకోలేదు. న్యాయనిర్ణేత చూశాడు. "ఇది నిబంధన ప్రకారం లేదు గాస్కిన్, అట్ట రాయి," అన్నాడు. నిజం చెప్పడానికి నాకు ఆ ఒక్క క్షణమే ఉంది. రాసేశాను.

సాయంత్రం బల్లలు మడతపెట్టేటప్పుడు తెల్ల మూత దొరికింది. మర్నాడు అది జేబులో వేసుకుని మీ ఇంటికి బయల్దేరాను. గుర్రాల తొట్టి దగ్గర, ఇరవై రెండో అంగ దగ్గర, ఆగి వెనక్కి వచ్చాను. అలా చాలాసార్లు వచ్చాను. జనవరి తర్వాత ఇక రాలేదు. అట్ట ఒక్కటే నా తప్పనుకుని ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను. మీరు అమ్మగారిని తిట్టారనీ, ఆవిడ తన జ్ఞాపకాన్ని తనే అనుమానించారనీ నాకు తెలియదు. తెలిసి ఉంటే అయినా ధైర్యం చేసేవాణ్ణో లేదో. పిరికివాణ్ణి నేను.

ఇంకొక అబద్ధం కూడా ఉంది. ఇది పాత కాలపు డబ్బా కాబట్టి కదిలించబోమని తపాలా వాళ్ళు ఏప్రిల్ 23నే సంఘానికి రాశారు. కార్యదర్శిని కనుక ఆ ఉత్తరం నాకొచ్చింది. సొరుగులో మూత పక్కన పడేశాను. డబ్బాకి ప్రమాదం తప్పిందంటే మీరు రాయడం ఆపేస్తారు. అప్పటికి నేనింకా మూత సంగతి చెప్పలేదు. చెప్పాలి కాబట్టి రాయిస్తూ ఉండాలనుకున్నాను. తర్వాత తర్వాత, చెప్పేస్తే ఆపేస్తారు కదా అని చెప్పకుండా ఉండాలనుకున్నాను.

మూత తపాలాలో వెయ్యడానికి మనసొప్పలేదు. ఎనభై మైళ్ళు తిరిగి ఎక్కడైనా పోతే ఇక నా దగ్గర ఏమీ ఉండదు. ఈ ఉత్తరం మీకు చేరేరోజు ఉదయం మీ గుమ్మంలో పెడతాను.

క్షమించమని అడిగే మొహం లేదు.
విల్ఫ్రెడ్ గాస్కిన్


జూలై 10, మంగళవారం

ప్రియమైన మ్యూరియెల్ గారికి,

మీ గుమ్మంలో మూత లేదు, అంటే తీసుకున్నారు. పాల సీసాలు రోజూ లోపలికి వెళుతున్నాయి, అంటే ఒంట్లో బాగానే ఉంది. అంతకన్నా తెలుసుకునే హక్కు నాకు లేదు.

సెప్టెంబరు ప్రదర్శన పర్యవేక్షణకి రాజీనామా ఇచ్చాను. ఎందుకని మిసెస్ టాడ్‌హంటర్ అడిగింది. నిబంధన ప్రకారం నేను లేనని చెప్పాను.

విల్ఫ్రెడ్ గాస్కిన్


జూలై 17, మంగళవారం

ప్రియమైన విల్ఫ్రెడ్ గారికి,

పన్నెండు రోజులు మీ మీద కోపంగా ఉన్నాను. మొదటి మూడు రోజులు మీ కిటికీ మీద రాయి విసిరేంత కోపం. రాయి కోసం తోటలోకి కూడా వెళ్ళాను. చేతికి దొరికినవన్నీ చిన్నవి.

అమ్మకి గుర్తుంది. ఆ ఒక్క ముక్క దగ్గరే ఇన్నిరోజులూ ఆగిపోయాను. తెల్లదే పెట్టానే తల్లీ అంది, తెల్లదే పెట్టింది. నేను వినలేదు. మూత మీరు మార్చారు, కానీ అమ్మ మాట నమ్మకపోవడం నేను చేసిన పని. అందులో వాటా మీకివ్వను. ఆదివారం చర్చి తోటలో అమ్మ సమాధి దగ్గర కూర్చుని ఏడ్చాను. నాదే తప్పని చెప్పాను. మీ సంగతి మాత్రం చెప్పలేదు. అది మీరే చెప్పాలి. వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక నాతో వస్తారు. వస్తారా అని అడగడం లేదు, వస్తారు అంటున్నాను.

నిన్న పై అరలోంచి ఆ సీసా దించాను. ఊరగాయ మూత తీసి పారేసి అమ్మ మూత పెట్టాను. కాస్త తుప్పు పట్టినా సరిగ్గా బిగిసింది. బిగించే ముందు లోపలికి చూశాను. విల్ఫ్రెడ్ గారూ, ఒక్క చెంచా అని రాశారు. గుంట కళ్ళముందే ఉంది. మూడు చెంచాలకి తక్కువ కాదు. ఒప్పుకునే ఉత్తరంలో కూడా అబద్ధమా!

అది చూసి కూర్చున్నచోటే పెద్దగా నవ్వాను. పిల్లి బయటికి పారిపోయింది. అన్నేళ్ళూ న్యాయనిర్ణేతలు గోటితో గీకి చూసి రెండో బహుమతి, మూడో బహుమతి అంటూ రాశారు. నిబంధనలు రాసిన మనిషి వాటిని మరిచిపోయి దొంగతనంగా మూడు చెంచాలు తిన్నాడంటే, ఇంతకన్నా మొదటి బహుమతి ఏముంటుంది? ఈ మాట వింటే అమ్మ ఊరంతా తిరిగి చెప్పుకునేది. ఆదివారం మీరు చెప్పాల్సింది ముఖ్యంగా ఇదే. మూడు అని చెప్పండి.

డబ్బా సంగతి నాకు ఏప్రిల్ ఆఖరులోనే తెలుసు. జానిస్ కడుపులో ఏ మాటైనా ఆగుతుందా? నాకే కాదు, మిసెస్ టాడ్‌హంటర్‌కి తప్ప ఊరందరికీ తెలుసు. ఆవిడ నొచ్చుకుంటుందని ఎవరూ చెప్పడం లేదు, వారం వారం రాసుకుంటూనే ఉన్నారు. నేను మాత్రం ఆవిడ కోసం రాయలేదు.

క్షమించానని ఇప్పుడే రాయను. నాకు ఇంకా కొన్ని మంగళవారాలు కావాలి. కానీ ఈ సాయంత్రం నాలుగింటికి టీకి రండి. కిందటి శరదృతువులో అమ్మ పద్ధతిలోనే డాంసన్ జామ్ చేశాను, కొత్త సీసా తెరుస్తున్నాను. రొట్టె మీరు తెండి. గడియారం చూసి బయల్దేరకండి, టీ చల్లారిపోతుంది. గుర్రాల తొట్టి దగ్గర ఆగకండి.

ఈ ఉత్తరానికి స్టాంపు అంటించలేదు. నేనే వచ్చి, ఈ చివరి ముక్కలు మీ గుమ్మంలో నిలబడి రాసి, తలుపు కింద తోసి వెళుతున్నాను. మీ లెక్క తప్పు, నా కాళ్ళకి నలభై ఎనిమిది అంగలు పట్టింది. దారిలో డబ్బా దగ్గర ఆగి ఒక చిన్న పని చేశాను. మీ బొమ్మ చేతిలో అట్ట తీసేసి చెంచా కుట్టాను.

మీ ఎదురింటి,
మ్యూరియెల్